ఎండకు సాగే పట్టాలు: అసలు రైలు, ఆటరైలు
(ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము)

 

ఇంతకుముందే శాస్త్రులుగారు పంచాంగశ్రవణము చేశారు. ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, ఈ యేడు వానలెట్లా ఉంటాయి, ఎండలెట్లా ఉంటాయి అన్నీ సెలవిచ్చారు. రైలుపట్టాకు మాత్రము రాశి లేదు, నక్షత్రము లేదు. కాని ఉగాది పచ్చడి తిన్న మరునాటినుంచి దానికి గడ్డుకాలము మొదలవుతుంది. చైత్రము వెళ్ళి వైశాఖము వచ్చేసరికి ఎండ ముదురుతుంది. మనము తలుపులు వేసికొని నీడపట్టున ఉంటాము. పట్టా ఎక్కడికి పోతుంది? అందుచేత ఈ శుభదినమున పట్టాలను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరినపుడు మేము సంతోషముతో ఒప్పుకొన్నాము.

మేము అంటే ఎవరము? పట్టాలు వేసే ఇంజనీర్లము కాము. ఆ పట్టాల లెక్కలు రాసే గుమాస్తాలము. మెట్రిక్ వరకు చదువుకొని, గాంగుల హాజరుపట్టీలు, సామాను జమాఖర్చులు, కొలతల రిజిస్టర్లు చూస్తూ జీవితము గడుపుకొనే వాళ్ళము. ఏళ్ళ తరబడి ఒకే రకము అంకెలు రాస్తూ ఉంటే ఆ అంకెల వెనుక ఏమున్నదో తెలిసికోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. అట్లా తెలిసికొన్నదే ఇప్పుడు చెప్తున్నాము.

పెద్దలు చాలామంది పల్లెలో కమ్మరి బండిచక్రానికి ఇనుపకట్టు వేయటము చూసే ఉంటారు. ఆ కట్టును చక్రముకంటే రవ్వంత చిన్నదిగా చేస్తాడు. పిడకల మంటలో ఎర్రగా కాలుస్తాడు. కాలిన కట్టు సాగి చక్రము మీద సులువుగా కూర్చుంటుంది. వెంటనే నీళ్ళు పోస్తాడు. చల్లారిన ఇనుము కుంచించుకొని కర్రను గట్టిగా బిగించి పట్టుకొంటుంది. ఇందులో రెండు సంగతులున్నాయి. ఒకటి, వేడికి ఇనుము సాగుతుంది, చలువకు తగ్గుతుంది. రెండు, తగ్గటానికి వీలులేకుండా అడ్డము పెడితే ఆ తగ్గవలసినదంతా బలముగా మారుతుంది. రైలు పట్టాల శాస్త్రమంతా ఈ రెండు సంగతుల్లోనే ఉన్నది.

ఎంత సాగుతుంది అంటారా? ఒక మీటరు పొడవు గల ఉక్కు ఒక డిగ్రీ వేడికి మిల్లీమీటరులో నూరోవంతు కంటే కొంచెము ఎక్కువ సాగుతుంది. వినటానికి ఇది ఒక లెక్కలోనిదిగా తోచదు. కాని మన బ్రాడ్‌గేజి పట్టా ముక్క పొడవు 13 మీటర్లు. తెల్లవారుజాము చలికీ, మధ్యాహ్నపు ఎండకూ 40 డిగ్రీల తేడా ఉంటే ఆ ముక్క సుమారు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. కిలోమీటరు పొడవుకు లెక్క కడితే 46 సెంటీమీటర్లు, అనగా మూరెడు! గాలిలో 42 డిగ్రీలుంటే పట్టా కూడా 42 డిగ్రీలే ఉంటుందనుకోరాదు. నేరుగా ఎండ పడుతున్న ఉక్కు 60 డిగ్రీలు దాటటము మనవైపు వింత కాదు.

అందుకే పూర్వులు ముక్కకూ ముక్కకూ నడుమ కొద్దిగా సందు విడిచి పట్టాలు పరిచారు. రెండు కొసలనూ ఇరువైపులా ఇనుపబద్దలు పెట్టి బోల్టులతో బిగించారు. ఆ బద్దలను మనవాళ్ళందరూ ఫిష్‌ప్లేట్లు అంటారు. 1847లో ఇంగ్లండులో విలియం బ్రిడ్జెస్ ఆడమ్స్ అనే ఆయన వీటిని తెచ్చారు. బోల్టు దూరే రంధ్రము బోల్టుకంటే పెద్దదిగా ఉంటుంది. బద్ద పట్టాను వంగనివ్వదు, విడిపోనివ్వదు. కాని ముందుకూ వెనుకకూ జరగటానికి కొంచెము చోటిస్తుంది. ఆ సందుల వలననే మనము చిన్ననాడు విన్న ఆ టకటక చప్పుడు.

పిల్లలకు ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్తాము. అతుకులున్న లైను మీద బండి పోతుండగా గడియారము చూస్తూ 47 సెకండ్లలో ఎన్ని అతుకుల చప్పుళ్ళు వినపడినవో లెక్కపెట్టండి. ఒక్కొక్క అతుకు దగ్గర వినవచ్చే జంటదెబ్బను ఒకటిగానే వేసికోవాలి. ఎన్ని వస్తే బండి వేగము గంటకు అన్ని కిలోమీటర్లు! పట్టా 13 మీటర్లు గనుక ఈ లెక్క కుదురుతుంది. ఎందుకు కుదురుతుందో ఇంటికి వెళ్ళి కాగితము మీద వేసి చూసుకోండి.

అయితే ఈ లెక్క వేయటానికి మెయిన్ లైనులో ఇప్పుడు అతుకులు వెదుక్కోవలసిన పరిస్థితి. “ఇప్పటి బండికి జోలపాట లేదు, నిద్ర పట్టదు” అని మన ముసలమ్మలు అంటూంటారు. ఆ జోలపాటకు రైల్వేవారు చాలా ఖర్చు పెట్టుకోవలసి వచ్చేది. చక్రము ప్రతి సందు దగ్గరా పట్టా కొసను సమ్మెటతో కొట్టినట్లు కొడుతుంది. కొస చితుకుతుంది. కింద కంకర కుంగుతుంది. బోల్టు వదులవుతుంది. రంధ్రము దగ్గర బీట పడుతుంది. గాంగువారి శ్రమలో పెద్దభాగము ఈ అతుకుల దగ్గరే పోయేది.

దీనికి విరుగుడు అతుకును కరిగించి ఒకటి చేయటము. జర్మనీ దేశస్థుడు హాన్స్ గోల్డ్‌ష్మిట్ అల్యూమినియం పొడినీ ఇనుప ఆక్సైడునూ కలిపి మండించి, క్షణాల మీద కరిగిన ఉక్కు తీసే పద్ధతికి 1895లో పేటెంటు పొందారు. 1899లో ఎస్సెన్ నగరములో ఆ పద్ధతితో పట్టాలు అతికారు. మన లైను మీద రాత్రిపూట మూకుడువంటి దానిలోనుంచి తెల్లని వెలుగు చిమ్ముతూ చేసే థర్మిట్ వెల్డింగు అదే. ఇదిగాక ఫ్యాక్టరీలో విద్యుచ్ఛక్తితో అతికి 260 మీటర్ల పొడవు పట్టాలను ప్రత్యేకమైన బండ్ల మీద తెచ్చి దింపుతారు. వాటిని మళ్ళీ ఒకదానికొకటి అతికి కిలోమీటర్ల పొడవున ఒకే పట్టాగా చేస్తారు.

ఇక్కడే అందరికీ వచ్చే సందేహము ఉన్నది. పది కిలోమీటర్ల పట్టా 40 డిగ్రీల వేడికి నాలుగున్నర మీటర్లకు పైగా సాగవలెను గదా! ఆ సాగినదంతా ఎక్కడికి పోయింది?

ఈ ప్రశ్న మేము మనవాడే అయిన ఒక రిటైర్డు గాంగు మేటు తాతగారిని అడిగాము. ఆయన చదువుకొన్నవారు కారు. “బాబూ, పట్టా సాగదు. సాగాలని చూస్తాది. మనం పట్టుకున్నాం. పట్టు వదిలితే పాములాగ మెలికపడతాది” అన్నారు. పుస్తకాలలో పేజీలకొద్దీ రాసిన సంగతి ఆయన నాలుగు ముక్కలలో చెప్పారు. పట్టాను క్లిప్పు పట్టుకొన్నది. క్లిప్పును స్లీపరు పట్టుకొన్నది. స్లీపరును కంకర పట్టుకొన్నది. బండిచక్రపు కట్టులోవలెనే, కదలలేని పట్టాలో ఆ సాగవలసినదంతా బలముగా మారి దాగి ఉన్నది. వేడిలో అది ఒత్తిడి, చలిలో అది లాగుడు.

ఆ బలము ఎంతో చెప్తే ఆశ్చర్యపోతారు. మీటరుకు 60 కిలోల బరువుండే పట్టాను బిగించిన తరువాత 40 డిగ్రీల వేడి పెరిగితే ఒక్కొక్క పట్టాలో పుట్టే ఒత్తిడి సుమారు 75 టన్నులు. నిండా బొగ్గు పోసిన వాగను ఇంచుమించు అంత బరువు తూగుతుంది. ఇంకొక విచిత్రము, ఈ ఒత్తిడికి పొడవుతో పని లేదు. కిలోమీటరు పట్టా అయినా పది కిలోమీటర్ల పట్టా అయినా అంతే. అందువలననే ఎంత పొడవుగానైనా అతకవచ్చును.

అయితే ఆ 75 టన్నులు రానిస్తారా? రానివ్వరు. పట్టాను బిగించే వేళను జాగ్రత్తగా ఎన్నుకొంటారు. ఆ ప్రాంతములో పట్టాకు వచ్చే మిక్కిలి వేడినీ మిక్కిలి చలినీ కూడి సగము చేసి, ఆ సగటుకంటే 5 నుంచి 10 డిగ్రీలు ఎక్కువ వేడిలో పట్టా ఏ ఒత్తిడీ లేకుండా ఉండేటట్లు బిగిస్తారు. అప్పుడు వేసవిలో ఒత్తిడి సగానికి సగము తగ్గుతుంది. చలికాలములో కొంత లాగుడు వస్తుంది. సగటుకంటే ఎక్కువ ఎందుకంటే, లాగుడుకు పట్టా విరిగితే ఒక సందు పడుతుంది. ఒత్తిడికి మెలికపడితే లైనంతా పక్కకు పోతుంది. రెండూ కీడే అయినా రెండవది పెద్ద కీడు. బిగించే రోజున ఎండ చాలకపోతే, క్లిప్పులన్నీ తీసి, పట్టాను రోలర్ల మీద ఎత్తి, యంత్రముతో కావలసినంత పొడవు లాగి, అప్పుడు బిగిస్తారు.

మరి కొసల మాట ఏమిటి? మధ్యభాగము కదలదు. కాని కొసకు అవతల పట్టుకొనేవారు లేరు గనుక చివరి నూరు మీటర్ల ప్రాంతము కదులుతుంది. దీనిని రైల్వే భాషలో ఊపిరి తీసే పొడవు అంటారు. ఎండకు ఊపిరి పీల్చినట్లు ముందుకు వస్తుంది, రాత్రికి వెనుకకు పోతుంది. ఈ కదలిక రెండు మూడు సెంటీమీటర్లు. ఫిష్‌ప్లేటు సందులో ఇది ఇమడదు. అందుకని అక్కడ స్విచ్ ఎక్స్‌పాన్షన్ జాయింటు పెడతారు. మా రిజిస్టర్లలో దాని పేరు ఎస్.ఇ.జె.

దాని పని చూడముచ్చటగా ఉంటుంది. ఒక పట్టా కొసను నాలుకవలె సన్నగా చెక్కుతారు. రెండవ పట్టాను కొంచెము పక్కకు వంచుతారు. నాలుక దాని పక్కన ఒరసుకొంటూ జారుతుంది. రెండు చేతులూ చాచి అరచేతులు పక్కపక్కన ఆనించి ముందుకూ వెనుకకూ జరపండి, అట్లా ఉంటుంది. చక్రము ఒకదానిమీదనుంచి రెండవదాని మీదికి ఏటవాలుగా దాటుతుంది. అడ్డముగా సందు లేదు గనుక దెబ్బ లేదు. పట్టా జరిగినా దారి తెగదు. గాంగువారు ఆ నాలుక ఎంత జరిగినదో, అప్పుడు పట్టా వేడి ఎంతో కొలిచి పంపుతారు. మేము రిజిస్టరులో ఎక్కిస్తాము. ఆ వేడికి ఉండవలసిన దానికంటే సందు ఎక్కువైనా తక్కువైనా ఎక్కడో పట్టు సడలినదని పైవారికి తెలుస్తుంది. నాడి చూసినట్లే.

మనలో చాలామంది ఏటా రాజమండ్రి మీదుగా వెళ్ళివస్తూంటాము. గోదావరి మీది పాత హేవ్‌లాక్ వంతెన 1900లో మొదలై 1997 వరకు బండ్లను మోసింది. 1974లో వచ్చిన రోడ్డు కమ్ రైలు వంతెనలో పెద్ద గర్డరు ఒక్కొక్కటి 91 మీటర్లకు పైగా పొడవు. 30 డిగ్రీల తేడాకు అటువంటి గర్డరు మూడు సెంటీమీటర్లు సాగుతుంది. అందుకే ఇట్టి ఉక్కు గర్డర్లకు ఒక కొసను స్తంభము మీద స్థిరముగా ఉంచి, రెండవ కొసను కదిలే ఏర్పాటు మీద కూర్చోబెడతారు. గోదావరిలో రాగినాణెము వేసి దణ్ణము పెట్టుకొనే మనము, కాళ్ళ కింద ఇంత ఇనుము పగలు సాగి రాత్రి ముడుచుకొంటున్నదని తలచుకొంటే బాగుంటుంది.

ఇక ఆటరైలు మాట. మన సంఘములోని కుర్రవాళ్ళు నిరుడు ఉగాదికి చెక్కబల్లలమీద ఆటరైలు పరిచి చూపించారు. మనమందరమూ ఆనందించాము. జ్యేష్ఠములో ఆ పట్టాలు ఒకచోట విల్లులాగ పైకి లేచాయి. శ్రావణములో ఇంకొకచోట సందు పడి ఇంజను ఆగిపోయింది. పిల్లలు చిన్నబుచ్చుకొన్నారు. వారికోసము ఈ మాటలు.

మీ పట్టాల నడుమ వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. అది 87వ వంతుకు కుదించిన రైలు. నిజము చెప్పాలంటే అది విదేశపు 1435 మిల్లీమీటర్ల లైనుకు సరిపోతుందిగాని మన 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజికి సరిపోదు. మన 13 మీటర్ల పట్టా ఆ కొలతలో 15 సెంటీమీటర్లు. మన 6 మిల్లీమీటర్ల సందు ఆ కొలతలో తలవెంట్రుక మందము. కొలతలన్నీ కుదించవచ్చు గాని ఎండను మాత్రము కుదించలేము. ఆటరైలు మీద పడేదీ ఈ సూర్యుడి వేడే.

ఆ పట్టా నికెల్ సిల్వరు. పేరులో సిల్వరు ఉన్నదేగాని వెండి లేదు. రాగి, నికెలు, జింకు కలిసిన లోహము. ఉక్కుకంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువగా సాగుతుంది. 20 డిగ్రీల తేడాకు మీటరు పొడవున మిల్లీమీటరులో మూడోవంతు. మీరు అతుకులన్నీ టంకము పెట్టి ఒకటి చేశారు. అసలు రైలులో అది చెల్లింది, ఎందుకంటే అక్కడ కంకర పట్టుకొన్నది. మీ పట్టాను పట్టుకొన్నవి చిన్న మేకులు. ఆ పట్టు చాలదు. కాబట్టి మీరు పాతకాలపు పద్ధతికే పోవాలి. ప్రతి మీటరుకూ ఒక అతుకు టంకము లేకుండా విడిచి, చల్లని వేళ పరిచేటట్లయితే అక్కడ పోస్టుకార్డు మందము సందు ఉంచండి. మంచి ఎండలో పరిచేటట్లయితే కొసలు ఆనించి పెట్టండి. సందు దగ్గర కరెంటు తెగకుండా ప్రతి ముక్కకూ కింద నుంచి విడిగా తీగె ఇవ్వండి.

ఇంకొక దొంగ ఉన్నాడు, వాడు చెక్క. శ్రావణములో పడిన సందుకు ఎండ కారణము కాదు. వానాకాలములో చెక్క గాలిలోని తేమ పీల్చి అడ్డముగా ఉబ్బుతుంది, వేసవిలో ఆరి తగ్గుతుంది. వెడల్పాటి పలక కొన్ని మిల్లీమీటర్లు కూడా మారవచ్చు, లోహము సాగేదానికంటే ఇది చాలా ఎక్కువ. అందుచేత బల్లకు పైనా కిందా అంచులకూ వార్నిషు పూయండి. రెండు బల్లలు కలిసేచోట తప్పనిసరిగా సందు ఉంచండి. ఓపిక గలవారు ఆ సందు దగ్గర పట్టా కొసలను ఏటవాలుగా ఆకురాయితో రాసి చిన్న ఎస్.ఇ.జె. చేసి పెట్టవచ్చును. ఇంగ్లండులో ఆటరైళ్ళ అభిమానులు అటువంటివి చేస్తూనే ఉన్నారు.

మహాశయులారా, ఆటరైలు మెలికపడితే చేత్తో సరిచేయవచ్చును. అసలు లైను మెలికపడితే ఏమవుతుంది? 2002 జూలై 29న అమెరికాలో మేరీలాండు రాష్ట్రమందలి కెన్సింగ్టన్ దగ్గర ఎండకు మెలికపడిన లైను మీద ఆమ్‌ట్రాక్ వారి ప్రయాణీకుల బండి పట్టాలు తప్పింది. ఎందరో గాయపడ్డారు. అక్కడ కంకర పట్టు సరిగా లేదని విచారణలో తేలింది. అంత సంపన్నదేశములోనైనా కంకర పట్టు విడిస్తే ఎండ ఊరుకోదు.

ఈ మాట చెప్పటానికే మేము ఇంతదూరము వచ్చాము. స్లీపరు కొసకు అవతల జానెడున్నర వెడల్పున పోసిన కంకర ఊరికే మిగిలిన రాయి కాదు. లైను పక్కకు పోకుండా ఆపే భుజము అదే. వంపులో బయటివైపు ఇంకా ఎక్కువ పోస్తారు. మన వాడలో ఏమి జరుగుతున్నది? వానాకాలము వాకిట్లో బురదైతే బక్కెటు తీసికొని వెళ్ళి ఆ కంకర తెచ్చి పోసికొంటున్నాము. బజారుకు దగ్గరదారి అని రోజూ ఒకేచోట దాటి ఆ భుజాన్ని కాళ్ళతో కిందికి దొర్లిస్తున్నాము. పది మంది పది బక్కెట్లు తీస్తే అక్కడ లైనుకు చెయ్యి విరిగినట్లే. అది తెలిసేది ఉగాదినాడు కాదు, రోహిణికార్తెలో మధ్యాహ్నము రెండు గంటలకు, బండి వచ్చే వేళ. ఆ బండిలో మనవాళ్ళే ఉండవచ్చును.

ఆ రెండు గంటల వేళ లైను మీద ఎవరుంటారో కూడా చెప్పాలి. పట్టా వేడి, బిగించిన నాటి వేడికంటే 20 డిగ్రీలు పైకి పోతే హాట్ వెదర్ పట్రోలు బయలుదేరుతుంది. మనము గాంగుమను అని పిలిచే ట్రాక్ మెయింటైనర్లు తలకు తువ్వాలు చుట్టుకొని, జెండాలు పట్టుకొని, మండే కంకర మీద పట్టాను చూస్తూ నడుస్తారు. పట్టా కొంచెము వంకర తోచినా బండి ఆపుతారు. వారి హాజరు రాసే మాకు తెలుసు, ఆ పట్టీలో మన వాడ పేర్లెన్ని ఉన్నాయో. 1890ల దశకములో బెజవాడనుంచి కటకము వైపు లైను వేసిననాటినుంచి ఈ కోస్తాలైను మీద తెలుగువాళ్ళ చెమట పడుతూనే ఉన్నది.

కాబట్టి మూడు మనవులు చేసికొంటున్నాము. లైను మీద కంకర ఎవరూ తేవద్దు. తెచ్చేవారిని చూస్తే అత్తా, బావా అని వరస కలిపి అయినా వద్దని చెప్పండి. పిల్లలు క్లిప్పులు పీకటము, పట్టా మీద రాళ్ళు పెట్టటము చేయకుండా తల్లులు చూడాలి. ఎండలో మన వీధి పక్కగా పట్రోలు వెళ్తే ఒక చెంబు మజ్జిగ ఇవ్వండి. ఈ మూడవదానికి ఏ సర్క్యులరూ రాదు. మన ఇళ్ళలోనుంచే రావాలి.

కుర్రవాళ్ళు వచ్చే ఉగాదికి ఆటరైలును మళ్ళీ పరచాలని మా కోరిక. అందులో కంకర భుజము కూడా సరిగా పోయండి. టంకమూ తీగె ఖర్చూ మేమిస్తాము.